దయ్యం సరే, ఆ మనిషి ఎవరు?

పోయిన ఆదివారం మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. కాలేజీ స్నేహితులతో కలిసి బెంగుళూరు దయ్యాల మీద ఒక వీడియో చేస్తున్నాడట. "పెద్దమ్మా, నువ్వు శ్రీరామపురంలో ఉన్నప్పుడు తలుపుల మీద నాళె బా అని రాసేవాళ్లంట కదా, ఆ కథ చెప్పు" అన్నాడు. చెప్పాను, ఉత్సాహంగానే చెప్పాను. ఆ తర్వాత, నీ జాబితాలో ఇంకా ఏమేం ఉన్నాయిరా అని అడిగాను. సెయింట్ మార్క్స్ రోడ్డులోని టెర్రా వేరా ఇల్లు, రిచ్మండ్ రోడ్డులో ఒక ఇల్లు, చివర్లో మన ఊరి బావి అన్నాడు. మన ఊరి బావి అంటే ముళబాగిలు వైపు మా తాతగారి ఊళ్లో చింతతోపు వెనక ఉన్న బావి.

ఆ నాలుగింటినీ వాడు ఒకే వరసలో చదివేసరికి నాకు మనసు చివుక్కుమంది. ఎందుకో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివేది మన చుట్టాలే కాబట్టి నేను చెప్పింది తప్పనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి.

ముందు నాళె బా సంగతి. 1990ల మొదట్లో బెంగుళూరు పాతపేటల్లో పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. రాత్రిపూట ఒక ఆడదయ్యం వచ్చి తలుపు తడుతుంది. తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుంది. అమ్మలాగో అక్కలాగో పిలుస్తుంది కాబట్టి మనం తలుపు తీస్తాం. తీసినవాడి పని అంతే. దానికి విరుగుడు ఏమిటంటే తలుపు మీద కన్నడంలో నాళె బా, అంటే రేపు రా, అని రాసిపెట్టడం. దయ్యం చదువుకుని వెళ్లిపోతుంది. మర్నాడు వస్తుంది, మళ్లీ అదే చదువుకుంటుంది, మళ్లీ వెళ్లిపోతుంది. అంత పెద్ద దయ్యానికి అంత చిన్న విరుగుడు.

తెలుగు ఊళ్లలో ఇదే కథ "ఓ స్త్రీ రేపు రా" అని తిరిగింది. ఎవరు ఎవరి దగ్గర్నుంచి తెచ్చుకున్నారో మన రెండు భాషలవాళ్లూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. 2018లో వచ్చిన హిందీ సినిమా స్త్రీలో గోడల మీద కనబడే "ఓ స్త్రీ కల్ ఆనా" కూడా ఇదే. ఆ సినిమాకు కథ రాసిన రాజ్, డీకే ఇద్దరూ చిత్తూరు జిల్లా వైపు వాళ్లే.

మా వఠారంలో మాత్రం వాదనకు తావు లేకుండా మా అవ్వ తీర్పు చెప్పేసింది. "అది కన్నడం దయ్యమో తెలుగు దయ్యమో మనకేం తెలుసు? రెండూ రాయండి" అంది. మా తలుపు మీద పైన సుద్దముక్కతో నాళె బా, కింద బొగ్గుతో రేపు రా. మిల్లులో రాత్రి షిఫ్టు చేసే మా నాన్న ఒకరోజు ఒంట్లో బాగాలేక మధ్యలోనే ఇంటికొచ్చి తలుపు తట్టాడు. మేమెవ్వరం తియ్యలేదు. పాపం తెల్లవారిందాకా మెట్టు మీద కూర్చున్నాడు. ఈ కథ చెప్పి ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదీ నవ్వుకుంటున్నాం.

అదే రోజుల్లో ఇంకో రాత్రి కూడా ఎవరో తలుపు తట్టారు. ఆ కథ మా ఇంట్లో ఎవరూ చెప్పరు.

"అక్కా, అక్కా, తలుపు తియ్యక్కా" అని ఆడగొంతు. దయ్యం ఒక్కసారే పిలుస్తుంది, మూడోసారి పిలిస్తేనే పలకాలి అని అవ్వ మాకు నేర్పింది. ఆ గొంతు మూడుసార్లు పిలిచింది. నాలుగోసారీ పిలిచింది. అవ్వ మా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. తర్వాత చప్పుడు లేదు. తెల్లవారి కొళాయి దగ్గర చూస్తే కడపటింటి ఆమె బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఒక కన్ను వాచిపోయి మూసుకుపోయింది. వాళ్లాయన తాగొచ్చి కొట్టేవాడని వఠారం అంతటికీ తెలుసు. అమ్మ ఆమెకు కాఫీ ఇచ్చింది. రాత్రి నువ్వేనా వచ్చింది అని అమ్మ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. కొన్ని నెలలకు వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

అమ్మ పోయే ముందు ఏడాది నాతో ఒక మాట అంది. "ఆ రాత్రి నాకు గొంతు తెలిసింది." అంతే అంది. నేను కూడా ఇంకేమీ అడగలేదు.

తెలిసిన గొంతయితే ఇంకా భయపడాలని నేర్పే కథ అది. దయ్యమే లేనప్పుడు ఆ నియమం ఎవరికి పనికొచ్చిందో మీరే ఆలోచించండి.

ఇప్పుడు రిచ్మండ్ రోడ్డుకు వద్దాం. మేము సుద్దముక్కలతో తలుపులు నింపుతున్న ఆ కాలంలోనే, 1991 మే నెల చివర్లో, షాకెరె ఖలీలీ అనే ఆమె కనబడకుండా పోయింది. మైసూరు దివానుగా చేసిన సర్ మిర్జా ఇస్మాయిల్‌కు ఆమె మనవరాలు. మొదటి భర్తతో విడిపోయి, శ్రద్ధానంద అనే పేరుతో స్వామిగా చెలామణి అయిన మనిషిని 1986లో పెళ్లి చేసుకుంది. ఆమె ఏదని కూతురు అడిగినప్పుడల్లా అతను ఒక్కో మాట చెప్పాడు. ఒకసారి పెళ్లికి వెళ్లిందన్నాడు, ఇంకోసారి అమెరికాలో ఆసుపత్రికి వెళ్లిందన్నాడు. ఆ అమ్మాయి నమ్మి ఊరుకోలేదు. విచారిస్తే ఆ ఆసుపత్రిలో అలాంటి మనిషే లేదు. తల్లి పాస్‌పోర్టు అతని దగ్గరే కనబడింది. 1992లో పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. 1994 మార్చిలో ఆ ఇంటి ఆవరణలోనే తవ్వితే తల్లి అవశేషాలు బయటపడ్డాయి. కింది కోర్టు 2005లో ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. 2008లో సుప్రీంకోర్టు దాన్ని మార్చి, బతికున్నంతకాలం జైలు నుంచి వదలకూడదని తీర్పు ఇచ్చింది. ఉరికీ, మామూలు యావజ్జీవానికీ మధ్య ఇలాంటి శిక్ష వేయవచ్చని చెప్పిన తీర్పుగా లాయర్లు ఇప్పటికీ దాన్ని ప్రస్తావిస్తారు.

ఎలా చంపాడన్న వివరాలు నేను రాయను. అవి కావలసినవాళ్లకు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ముఖ్యమనిపించేది వేరే. దాదాపు మూడేళ్లు ఆమె సొంత ఇంటి ఆవరణలోనే మట్టి కింద ఉంది. ఆ మూడేళ్లూ కూతురికి దొరికింది రేపు రా అన్న జవాబే. మాట వేరు, అర్థం అదే. ఆ పిల్ల మళ్లీ మళ్లీ వచ్చి తలుపు తట్టింది కాబట్టి నిజం బయటపడింది. ఈ కథలో దయ్యానికి చోటెక్కడుంది? వీడియోలో ఆ ఇంటిని చూపించి భయపెట్టే సంగీతం పెడితే, ఇన్నాళ్లూ పట్టు విడవకుండా అడిగిన ఆ కూతురు ఏమైపోవాలి?

టెర్రా వేరా సంగతి ఇంకోరకం. 1943లో ఒక లాయరు కట్టించుకున్న అందమైన బంగళా అది. ఆయన కూతుళ్లిద్దరూ అందులోనే ఉండేవాళ్లు. 2002లో వాళ్లలో ఒకామెను, పియానో నేర్పే పెద్దావిడను, ఎవరో ఇంట్లోనే పొడిచి చంపారు. ఎవరన్నది ఇవాళ్టికీ తేలలేదు. రెండో ఆమె ఆ ఇల్లు వదిలి వెళ్లిపోయింది. పాడుబడిన ఇంట్లోకి రాత్రిపూట కుర్రాళ్లు గోడ దూకి వెళ్లడం, కెమెరాలు పెట్టి దయ్యాన్ని వెతకడం మొదలైంది. చివరికి ఆ ఇంటిని కూల్చేశారు. ఇప్పుడు టెర్రా వేరా అని వెతికితే పియానో దానంతటదే మోగిందన్న కథలు కుప్పలు కుప్పలుగా వస్తాయి. పొడిచినవాడెవడు అని అడిగేవాళ్లు తక్కువ. దయ్యాన్ని వెతకడానికి అంతమంది వెళ్లారే, హంతకుడి గురించి అడగడానికి అందులో సగం మందైనా పోలీస్ స్టేషన్‌కు వెళ్లుంటే బాగుండేది కదా అనిపిస్తుంది.

దయ్యం కథకు ఒక సౌకర్యం ఉంది. అది చావును చూపిస్తుంది, చంపినవాణ్ణి దాచేస్తుంది. చనిపోయిన ఆడమనిషే అందరికీ భయం అవుతుంది. ఆమెను ఆ స్థితికి తెచ్చినవాళ్లు మాత్రం అందరితో పాటు తలుపులు వేసుకుని ఇంట్లో పడుకుంటారు.

ఈ మాటే మా వాడితో అంటే వాడు ఊరుకోలేదు. "పెద్దమ్మా, దయ్యం కథ లేకపోతే ఆ ఇల్లు ఎవరికి గుర్తుండేది? నాక్కూడా తెలిసేది కాదు కదా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎందుకంటే వాడి జాబితాలో నాలుగోది, మన ఊరి బావి, నాకు తెలిసింది కూడా దయ్యం కథగానే.

సెలవులకు ఊరికి వెళ్తే జేజి చెప్పేది. "చీకటైనాక ఆ బావి కాడికి పోవద్దండ్రా, చిన్నమ్మ కూచోనుంటుంది." మేము పగలు వెళ్లి బావిలోకి తొంగిచూసి కేకలేసుకుంటూ పరిగెత్తుకొచ్చేవాళ్లం. పెద్దల అమావాస్య నాడు జేజి ఒక రవికె గుడ్డ, పసుపు కుంకుమ, ఆకుపచ్చ గాజులు బావి గట్టు మీద పెట్టి వచ్చేది. దయ్యానికి గాజులెందుకు జేజీ అని నేనొకసారి అడిగాను. "దానికి గాజులంటే ఇష్టం" అంది.

ఆ మాట నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. గాజులంటే ఇష్టమని తెలుసుకున్నది బతికున్న మనిషి దగ్గరే కదా. జేజి మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం కూర్చుని అడిగితే చెప్పింది. ఆ చిన్నమ్మ మా తాతగారి తమ్ముడి మొదటి భార్య. జేజికి తోడికోడలు. కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. ఒక రాత్రి బావిలో శవమై తేలింది. కాలు జారిందన్నారు. ఆ ఏడాదే ఆయనకు మళ్లీ పెళ్లి చేశారు. బావిలో ఆడమనిషి కనబడుతుందన్న మాట ఆ తర్వాత పుట్టింది. జేజి ఏడుస్తూ చెప్పలేదు, కథ చెప్పినట్టే చెప్పింది. పేరు అడిగితే "చిన్నమ్మ అనే పిలిచేవాళ్లం" అంది.

కిందటి ఉగాదికి మనమంతా కలిసి ఏడు తరాల వంశవృక్షం రాసుకున్నాం కదా. అందులో ఆ తాత పక్కన ఒక్క భార్య పేరే ఉంది. గీసింది నేనే. బావి కథ తెలిసి కూడా అక్కడ ఒక ఖాళీ గడి వదలాలని నాకు తోచలేదు. వేరే ఇళ్ల దయ్యాల గురించి ఇంత రాస్తున్న నేను మన ఇంటి దయ్యం దగ్గర చేసింది ఇది.

కాబట్టి మా వాడి మాటలో సగం నిజం ఉంది. దయ్యం కథ ఒక్కటే ఆ పిల్లను ఎనభై ఏళ్లు బతికించింది. ఆ కథను వదిలెయ్యమని నేను అనడం లేదు. నాళె బా లాంటివాటిని హాయిగా చెప్పుకుందాం, పిల్లలకు నేర్పుదాం, అందులో ఏ ఒక్క మనిషీ లేదు. కానీ ఒక ఇల్లు, ఒక బావి, ఒక తేదీ ఉన్న కథ అయితే భయంతో ఆగిపోకూడదు. ఆమె ఎవరు, ఏం జరిగింది, అప్పుడు ఎవరెవరు ఇంట్లో ఉన్నారు, ఏమన్నారు అని అడగాలి. జవాబు దొరికితే అది ముందు రాయాలి, దయ్యం కథ తర్వాత రాయాలి. దొరక్కపోతే తేలలేదు అని రాయాలి. తేలలేదు అని రాయడం కూడా ఆమెకు ఒక మర్యాదే.

ఆ తాతగారి పిల్లలు, మనవలు ఇది చదువుతారని నాకు తెలుసు. ఇందులో ఎవరి మీదా నింద లేదు. అప్పుడున్నవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు. కాలు జారిందన్నది నిజమే కావచ్చు. అయినా ఆమె ఈ ఇంటి కోడలు. ఆమె పుట్టింటివాళ్లది హొసూరు వైపని జేజి అన్నట్టు గుర్తు. మీ ఇళ్లలో ఎనభై దాటిన పెద్దవాళ్లు ఉంటే దయచేసి ఈ వారంలోనే కూర్చోబెట్టి అడగండి. పాత పెళ్లి పత్రిక గానీ, పసుపు పెట్టిన చీటీ గానీ, పద్దు పుస్తకంలో ఒక పంక్తి గానీ దొరికితే నాకు ఫోటో పంపండి.

వంశవృక్షంలో గడి గీసి పెట్టాను. మా వాడు కూడా పేరు తెలిసేదాకా బావి వీడియో చెయ్యనన్నాడు. వచ్చే నెల నాతో హొసూరుకు వస్తానన్నాడు.