ఎవురి మొగం జూసి కొట్టల్ల?

జెత్రో టల్ పేరు నేను మొదట విన్నది రాజేంద్రనగర్‌లో, అగ్రానమీ క్లాసులో. 1701లో విత్తనం వేసే యంత్రం తయారుచేసిన ఇంగ్లండు ఆసామి. మట్టిని పిండిలా నలగ్గొడితే మొక్క వేళ్లు ఆ పిండినే మింగి బతుకుతాయని గట్టిగా నమ్మిన మనిషి కూడా. మాకు రెండు మార్కుల ప్రశ్న. సెలవులకు అనంతపురం వైపు మా ఊరెళ్లి ఈ సంగతి చెబితే, ఏటా జడ్డిగంలో గింజలు పోస్తూ గొర్రు వెంట నడిచే మా నాయన, "అంతవరకు వాళ్లు చేత్తోనే చల్లుకునేవాళ్లా, పాపం" అన్నాడు.

అదే పేరుతో ఒక రాక్ బ్యాండు ఉందని చెప్పింది హాస్టల్లో నా రూమ్మేట్. వాడి దగ్గర 'బర్‌స్టింగ్ ఔట్' క్యాసెట్టు ఉండేది. 1978 మే, జూన్‌లలో యూరప్ అంతా తిరుగుతూ చేసిన కచేరీల రికార్డింగు. అసలైతే రెండు ఎల్పీలు. వాడిది డబ్బింగ్ సెంటర్లో చేయించిన కాపీ. టేపు చాలదని అక్కడివాళ్లు పాటకూ పాటకూ మధ్య చప్పట్లన్నీ కోసేశారు. నాకా కాపీ నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో, చాలా ఏళ్ల తర్వాత పూర్తి రికార్డు విన్నాకే అర్థమైంది.

అందులో నాకు ప్రాణం 'జాక్ ఇన్ ద గ్రీన్'. చలికాలంలో కూడా పచ్చదనాన్ని కనిపెట్టుకుని ఉండే ఆకుల మనిషి గురించిన పాట. ఇంగ్లండు జానపదంలోంచి వచ్చినవాడు. ఏడాది ముందు స్టూడియోలో చేసినప్పుడు బ్యాండు నాయకుడు, ఫ్లూటు వాయించే ఇయాన్ ఆండర్సన్ అన్ని వాద్యాలూ తానొక్కడే వాయించి ఒకదానిమీద ఒకటి ఎక్కించాడు. వంక పెట్టడానికి లేదు, బాగుంటుంది. స్టేజీ మీదికొచ్చేసరికి అదే పాట ఆరుగురి చేతుల్లో పడింది. ఒకరు కాస్త ముందుకు తోస్తే ఇంకొకరు పట్టి ఆపుతారు. నాకు జానపదం వినిపించేది అక్కడే.

ఇక ఆ ఫ్లూటు. ఆండర్సన్ ఊదుతూనే గొంతుతో మూలుగుతాడు, గుర్రుమంటాడు, మధ్యలో ఊపిరి ఎగబీలుస్తాడు. ఓ క్రిస్మస్ పాట ఎత్తుకుని, అందులోంచి జారి బాక్ 'బూరే'లో తేలతాడు. నిఖార్సయిన శాస్త్రీయ సంగీతం వాయించేవాళ్లు ఈ ఉచ్ఛ్వాసాలు విని చెవులు మూసుకుంటారేమో. నేనైతే అవి లేని ముక్కను నమ్మను. 1972లో ఆల్బమ్ మొత్తం ఒకే పాటగా నడిపిన 'థిక్ యాజ్ ఎ బ్రిక్' ఇక్కడ దాదాపు 12 నిమిషాలకు కుదించుకుంది. ప్రోగ్రెసివ్ రాక్ తాళం లెక్కలు అందులోనే ఉన్నాయి, జనం మాత్రం ఎక్కడా బెదరరు. బేస్ వాయించిన జాన్ గ్లాస్కాక్ మరుసటి ఏడాదే గుండె జబ్బుతో పోయాడు. 28 ఏళ్లు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, ఫోక్ ఫ్యూజన్ పేరుతో మన దగ్గర వస్తున్న పాటల మీద నాకో ఫిర్యాదుంది. ఆ మధ్య మా వైపు ఉరుము వాద్యకారుల బృందాన్ని ఒక స్టూడియోకు పిలిస్తే తోడుగా వెళ్లాను. గిటారు, డ్రమ్స్ ముందే రికార్డయి ఉన్నాయట. వీళ్లను ఒక్కొక్కరినే అద్దాల గదిలోకి పంపారు. చెవులకు హెడ్‌ఫోన్లు, అందులో టిక్ టిక్‌మని లెక్క. జాతరలో రాత్రంతా అలుపు లేకుండా కొట్టే పెద్దాయన రెండు నిమిషాలకే ఆపేసి బయటికొచ్చాడు. "ఎవురి మొగం జూసి కొట్టల్ల సామీ?" అన్నాడు నాతో. గాజు అవతలి కుర్రాడు మళ్లీ లోపలికి వెళ్లమని చెయ్యూపాడు.

గిటారు వద్దని నేననను. ఎలక్ట్రిక్ గిటారు పక్కన ఉరుము నిలబడగలదు, పైగా దాన్ని మింగేయగలదు కూడా. ఆ గిటారు కుర్రాణ్ణే తీసుకొచ్చి పెద్దాయన ఎదురుగా నిలబెట్టండి. జాతరలోనే నాలుగు మైకులు పెట్టండి. తాళం తప్పితే తప్పనివ్వండి, మధ్యలో ఏ పసిపిల్లో ఏడిస్తే ఉండనివ్వండి.

నెల తర్వాత ఆ పాట బయటికొచ్చింది, విన్నాను. ఆఖర్న చప్పట్లు మోగాయి. ఆ రోజు గదిలో చప్పట్లు కొట్టినవాళ్లు ఎవరూ లేరు.