ఉన్నది ఒక్కటే తూటా!

బీజీఎంఐ ఆడే ఫ్రెండ్‌ని ‘సింగిల్ షాట్ రైఫిల్ అంటే ఏది?’ అని అడిగి చూడండి. కార్98కే అంటాడు. లేదంటే, ఏ గన్ అయినా ఆటో మోడ్ తీసేసి సింగిల్‌లో పెడితే సరి అంటాడు. రెండూ కాదు. కార్98కే లోపల ఐదు తూటాలు పడతాయి. బోల్ట్ వెనక్కి లాగి ముందుకి తోస్తే చాలు, తర్వాతి తూటా వచ్చి కూర్చుంటుంది.

అసలైన సింగిల్ షాట్ రైఫిల్‌లో రెండో తూటాకి చోటే ఉండదు. ఒకటి చేత్తో పెట్టాలి, కాల్చాలి, ఖాళీ తొడుగు బయటికి పోయాక ఇంకోటి పెట్టాలి. ఎప్పుడో తాతల కాలం నాటి పద్ధతి. అయినా అమెరికాలో జింకల వేటకి వెళ్లేవాళ్లు, జర్మనీ, ఆస్ట్రియా కొండల్లో తిరిగే వేటగాళ్లు కొందరు ఇప్పటికీ డబ్బు పోసి మరీ వీటినే కొంటున్నారు.

ఎందుకయ్యా అంటే రెండు మాటలు చెప్తారు. ఒకటి, దీనికి గురి ఎక్కువ. రెండు, ఉన్నది ఒక్క తూటాయే కాబట్టి మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని కాలుస్తాడు, జంతువు అనవసరంగా బాధపడదు. మొదటి మాట సగం నిజం. రెండో మాటలో ఒక ప్రాణం సంగతి ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

గురి ఎక్కడిది?

మన అడవుల్లో దొంగవేటగాళ్ల దగ్గర పోలీసులు పట్టుకునే నాటు తుపాకి కూడా ఒక్కసారే పేలుతుంది. అంతమాత్రాన అది రైఫిల్ అయిపోదు. రైఫిల్ గొట్టం లోపల మరలాగా మెలి తిరిగిన గాడులు ఉంటాయి. వాటి వల్ల తూటా బొంగరంలా గిర్రున తిరుగుతూ నిలకడగా పోతుంది. నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. గుండు ఎటు పోతుందో దానికే తెలియదు.

అంటే గురి అనేది ఎన్ని తూటాలు పడతాయన్న దాన్ని బట్టి రాదు. మంచి గొట్టం, దానికి నప్పే తూటా, తేలిగ్గా కదిలే ట్రిగ్గర్, అన్నిటికీ మించి పట్టుకున్న చెయ్యి... ఇవీ ముఖ్యం. అయితే సింగిల్ షాట్‌కి ఒక లాభం ఉంది. మ్యాగజైన్ కోసం కింద కంత కోయక్కర్లేదు కాబట్టి తుపాకి నడుము గట్టిగా ఉంటుంది. బల్ల మీద ఆనించి, కాగితం మీద ఒకే రంధ్రంలోంచి ఐదు తూటాలు పంపాలని చూసే బెంచ్‌రెస్ట్ పోటీల్లో సింగిల్ షాట్ బోల్ట్ రైఫిళ్లు వాడేది అందుకే.

వేటగాళ్లు ఇష్టపడే ‘ఫాలింగ్ బ్లాక్’ రకం వేరు. లివర్ కిందికి నొక్కితే ఒక ఉక్కు దిమ్మ కిందికి జారి, తూటా పెట్టే దారి తెరుచుకుంటుంది. స్కాట్లాండ్‌కి చెందిన జాన్ ఫార్కర్సన్ 1872లో ఇలాంటి దానికి పేటెంట్ తీసుకున్నాడు. దాదాపు వందేళ్ల తర్వాత అమెరికాలో వచ్చిన రూగర్ నంబర్ 1కి స్ఫూర్తి అదే. బోల్ట్ కదలడానికి చోటు అక్కర్లేదు కాబట్టి, గొట్టం అంతే పొడవున్నా తుపాకి మొత్తం మూడు నాలుగు అంగుళాలు పొట్టిగా ఉంటుంది. పొదల్లో మోయడానికి హాయి.

కానీ దీనికో తలనొప్పి ఉంది. చెక్క రెండు ముక్కలుగా ఉంటుంది. ముందు ముక్క గొట్టాన్ని ఒత్తుకుంటే, గొట్టం వేడెక్కే కొద్దీ ఆ ఒత్తిడి మారి, తూటాలు పక్కకి జరుగుతాయి. రూగర్ కొన్నవాళ్లు ఏళ్ల తరబడి ఆ చెక్కని చెక్కుతూ, సర్దుతూ కూర్చున్నది ఇందుకే. కాబట్టి సింగిల్ షాట్ అనగానే గురి గ్యారంటీ అనుకోకూడదు.

934 – 931

సింగిల్ షాట్‌కి అంత పేరు తెచ్చిన రోజు 1874 సెప్టెంబర్ 26. న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ మైదానంలో అమెరికా, ఐర్లండ్ జట్లు తలపడ్డాయి. జట్టుకి ఆరుగురు. 800, 900, 1,000 గజాల దూరాల్లో మనిషికి 15 తూటాల చొప్పున. ఐర్లండ్ వాళ్లవి మూతి వైపు నుంచి మందు కూరే రైఫిళ్లు. అమెరికా వాళ్లవి వెనక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లు. ఐర్లండ్ ఆటగాడొకడు పొరపాటున పక్కవాళ్ల టార్గెట్‌ని కొట్టాడు. దానికి సున్నా. ఆఖరి తూటాతో అమెరికా 934 – 931తో గెలిచింది.

క్రికెట్‌లో లాస్ట్ బాల్ ఫినిష్ లాంటిది. కానీ ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ దూరం ముందే తెలుసు. టార్గెట్ కదలదు. తూటా తప్పితే మూడు నాలుగు పాయింట్లు పోతాయి, అంతే.

అడవిలో లెక్క వేరు

అమెరికా తెల్లతోక జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల పళ్లెమంత ఉంటుంది. 100 గజాల దగ్గర తూటాలన్నీ అంగుళం వెడల్పులో పడే రైఫిల్, 300 గజాల దగ్గర సుమారు 3 అంగుళాల్లో వేస్తుంది. రెండు అంగుళాల రైఫిల్ అయితే 6 అంగుళాల్లో. రెండూ ఆ పళ్లెంలోనే! అంటే ఒక స్థాయి దాటాక తుపాకి గురి వేటలో పెద్ద తేడా చూపదు. ఆయాసం, గాలి, చేతి వణుకు, దూరం అంచనా... తప్పించేవి ఇవి. పైగా 300 గజాలు వెళ్లడానికి నేటి తూటాకి కూడా అర సెకనుకి కాస్త తక్కువ పడుతుంది. ఆ లోపు జింక ఒక్క అడుగు వేసినా తూటా పొట్టలో దిగుతుంది.

సింగిల్ షాట్ అసలు లోపం అప్పుడు బయటపడుతుంది. దెబ్బ తిన్న జంతువుని వెంటనే రెండో తూటాతో బాధ నుంచి తప్పించాలి. వేళ్ల మధ్య తూటా సిద్ధంగా పెట్టుకుని వేగంగా నింపేవాళ్లు ఉన్నారు గానీ, ఆ సాధన అందరికీ ఉండదు. మీదికి వచ్చే ఆఫ్రికా అడవిదున్న ఎదురుగా రెండు గొట్టాల రైఫిల్ కోరుకునేదీ ఇందుకే.

ఒక్క తూటా ఉంటే మంచివాళ్లమైపోతామా?

చరిత్ర అలా చెప్పడం లేదు. 1870లలో అమెరికా మైదానాల్లో బైసన్ మందల్ని తుడిచిపెట్టిన చర్మాల వేటగాళ్లు ఎక్కువగా వాడింది షార్ప్స్, రెమింగ్టన్ సింగిల్ షాట్లే. దూరంగా కూర్చుని, రెండు కర్రల మీద తుపాకి ఆనించి, ఒక్కో తూటా పెట్టుకుంటూ ఒకే చోట నుంచి డజన్ల కొద్దీ కూల్చారు. కోట్లలో ఉన్న బైసన్లు 1880ల చివరికి అడవిలో కొన్ని వందలే మిగిలాయి. ఒక్కటే తూటా ఉందన్న నిగ్రహం వాళ్లలో ఎవరినీ ఆపలేదు.

మరి ఇది ఎవరికి నప్పుతుంది? ఆల్ప్స్ కొండల్లో మేకలాంటి షామ్వా వెనక గంటల తరబడి ఎక్కేవాడికి నప్పుతుంది. గొట్టం మడిచే తేలికపాటి రైఫిల్ భుజానికి భారం కాదు. జంతువు నిలబడే దాకా ఆగొచ్చు, నచ్చకపోతే కాల్చకుండా దిగి రావొచ్చు. గుంపుగా తరిమితే పరిగెత్తే అడవిపందుల వేటకి మాత్రం అస్సలు నప్పదు. జర్మనీలో తుపాకి ఏ రకమైనా ముందు వేట పరీక్ష పాసవ్వాలి. ఎర్రజింకల్లాంటి పెద్ద జంతువులకైతే 100 మీటర్ల దగ్గర తూటాకి కనీసం 2,000 జౌళ్ల శక్తి ఉండాలని అక్కడి చట్టం. మనిషి చేతకానితనానికి జంతువు బలి కాకూడదన్నదే ఆ నిబంధనల ఉద్దేశం.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదా వేటకి తావు లేదు. సింగిల్ షాట్ పట్టాలంటే షూటింగ్ రేంజే దారి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ఒక్కో గుండు చేత్తోనే పెట్టాలి. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటర్! హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టింది ఇందులోనే. కుదరలేదనిపిస్తే షూటర్లు రైఫిల్ దించేసి, ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెడతారు. ఈసారి మ్యాచ్ చూసినప్పుడు ఆ దించడం గమనించండి.

ఎవరైనా రీల్‌లో ‘నా గన్ ఇంత దూరం కొడుతుంది’ అని గొప్పలు పోతే, కామెంట్లో ఒక్కటే అడగండి: ‘తప్పితే ఆ జంతువు సంగతేంటి బ్రో?’