నిందకు ముందు విచారణ

నేడు మన కళాశాల విద్యార్థుల ఇండ్లలో కంప్యూటరు అరుదైన వస్తువు కాదు. ముందుగదిలో కుట్టుమిషను ప్రక్కన, లేదా గోడవారగా పాత బల్లమీద, ఒక పెట్టె కనిపించుచున్నది. చాలా ఇండ్లలో అది ఒక్కసారిగా కొన్నది కాదు. పండుగనాడు చేతికి వచ్చిన ఈదీ డబ్బులు, స్కాలర్‌షిప్పులో మిగిల్చినది, అన్నగారు పంపిన సొమ్ము కూడబెట్టి, విడిభాగములుగా తెచ్చి కూర్చుకొన్నది. అట్టి యంత్రము మొరాయించినప్పుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని మా అభిప్రాయములో ఇది మనము చదివిన చదువును పరీక్షించు ప్రశ్న.

గత విద్యాసంవత్సరములో మా సహాధ్యాయి ఒకరి ఇంట ఈ పరీక్షే ఎదురైనది. ఆటలు ఆడుచుండగా తెర నల్లబడి, ఆట దానంతటదే మూతపడుచున్నది. తండ్రిగారు ఆటలనే నిందించినారు. మిత్రులు విండోసును నిందించినారు. యంత్రము కూర్చిన దుకాణదారు పెట్టె మూత తీయకయే గ్రాఫిక్స్ కార్డు పోయినదనీ, క్రొత్తది కొనవలసినదేననీ తీర్పు చెప్పినారు. ఆ కార్డు ఖరీదు ఆ కుటుంబమునకు నెలల తరబడి పొదుపు. ఇంతమంది ఇన్ని నిందలు మోపినారు గాని, విచారణ చేసినవారు ఒక్కరును లేరు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకు ఉన్నది. ఇక్కడ మద్దెలను తట్టి చూచినవారు కూడ లేరు.

ఆ మిత్రుని కోరికపై మేము నలుగురము కూర్చుంటిమి. మొదట టాస్క్ మేనేజరు తెరచి చూచితిమి. ర్యామ్ పొట్లముమీద 3200 అని ముద్రించి యున్నది. యంత్రము చూపుచున్నది 2133. ఇది మోసము కాదు. డీడీఆర్4 ర్యామును మదర్‌బోర్డు మొదట ఎల్లరకు సురక్షితమైన సామాన్య వేగముననే నడుపును. పెట్టెమీది వేగము కావలెనన్న బయాసులోనికి పోయి ఎక్స్‌ఎంపీ అను అమరికను మనమే ఎంచుకొనవలెను. ఈ అమరికను ఇంటెల్ సంస్థ 2007లో ప్రవేశపెట్టినది. డీడీఆర్5 కాలములో ఏఎండీ వారు 2022లో ఎక్స్‌పో అను పేర ఇట్టిదే తెచ్చినారు. కొన్ని పరీక్షా సాధనములు 2133కు బదులు 1066 అని చూపి కంగారు పెట్టును. గడియారపు ప్రతి కొట్టుకు రెండుమార్లు సమాచారము కదలుటచే ఆ అంకెను రెట్టింపు చేసి చదువుకొనవలెను.

మూత తీయగా రెండవ లోపము కంటబడినది. నాలుగు స్లాట్లలో మొదటి రెంటిలో రెండు ర్యామ్ స్టిక్కులను ప్రక్కప్రక్కనే గుచ్చినారు. అవి రెండును ఒకే ఛానలుకు చెందినవి. సాధారణముగా ప్రాసెసరు వైపునుండి లెక్కించి రెండవ, నాల్గవ స్లాట్లలో ఉంచినచో రెండు ఛానళ్ళును పనిచేయును. ఒక ఛానలు ఒకమారు 64 బిట్లు, అనగా 8 బైట్లు మోయును. 2133 వేగమున ఒకే ఛానలు సెకనుకు సుమారు 17 గిగాబైట్లు మోయగలదు. 3200 వేగమున రెండు ఛానళ్ళు కలిసి 51.2 గిగాబైట్లు మోయగలవు. ఆట మూడురెట్లు వేగవంతమగునని దీని అర్థము కాదు. కాని డబ్బుపెట్టి వేసిన రెండు దారులలో ఒకటి మూసియుండుట మాత్రము నిజము.

విద్యుత్తు తీసివేసి, ప్లగ్గు లాగి, చేతిని లోహమునకు తాకించి, స్టిక్కులను సరియైన చోట గుచ్చితిమి. ఎక్స్‌ఎంపీ అమర్చితిమి. వేగము పెరిగినది, ఆటలు మూతపడుట కూడ పెరిగినది! ఇక్కడ చాలమంది నిరాశచెంది వెనుకకు పోవుదురు. మాకు మాత్రము ఇదియే ఆధారముగా తోచినది. ఎక్స్‌ఎంపీ సామాన్య స్థితికి మించిన నడక, 1.2 వోల్టులకు బదులు తరచుగా 1.35 వోల్టులు కోరును. ఆ అమరిక మార్చగా రోగము మారినదనిన, అనుమానము కార్డునుండి మెమరీ వైపు మరలవలెను.

మెమ్‌టెస్ట్86 ప్లస్ అను ఉచిత సాధనమును పెన్ డ్రైవులో ఎక్కించి, విండోసు ప్రమేయము లేకుండ రాత్రంతయు పరీక్ష నడిపితిమి. తెల్లవారుసరికి తెరమీద ఎర్రని తప్పుల వరుస. అయినను తొందరపడలేదు. ఎక్స్‌ఎంపీ తీసివేసి సామాన్య వేగమున, ఒక్కొక్క స్టిక్కును విడిగా, ఒకే స్లాటులో ఉంచి పరీక్షించితిమి. ఒకటి నిర్దోషి. రెండవది సామాన్య వేగమున కూడ తప్పులు చేసినది. దానిని మరియొక స్లాటులో ఉంచినను అంతే. కనుక దోషము స్లాటుది కాదు, వేగముది కాదు, ఆ స్టిక్కుదే. వారంటీ క్రింద అది ఉచితముగా మారినది. గ్రాఫిక్స్ కార్డు నేటికిని చక్కగా పనిచేయుచున్నది.

ఈ కథలో మేము చేసినది విద్వత్తు కాదు. ఒకమారు ఒక్కటే మార్చుట, మార్చినది కాగితముమీద వ్రాసికొనుట, మొరపెట్టిన భాగమే నేరస్తుడని నమ్మకుండుట, ఇంతే. పెద్ద సంస్థల వ్యవహారములో కూడ ఇదే జరిగినది. ఇంటెల్ వారి 13వ, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నింటిలో ఆటలు మూతపడుచు, గ్రాఫిక్స్ మెమరీ చాలలేదని సందేశము చూపెను. ఎందరో కార్డును శంకించినారు. తుదకు 2024లో, మైక్రోకోడు ప్రాసెసరుకు మితిమీరిన వోల్టేజి కోరుచున్నదని ఇంటెల్ వారే ప్రకటించి, వారంటీని రెండేండ్లు పొడిగించినారు. మొర ఒకచోట, రోగము వేరొకచోట.

"పోనిండు, ఆటలే గదా! ఆగిపోయినచో చదువుకొందురు" అను పెద్దలు మన మధ్య ఉన్నారు. వారియందు గౌరవముతోనే మా అసమ్మతిని తెలుపుచున్నాము. ర్యాములోని ప్రతి బిట్టు ఒక సూక్ష్మమైన కెపాసిటరులో దాచిన విద్యుదావేశము. అది కారిపోవుచుండును గనుక డీడీఆర్4లో సాధారణముగా ప్రతి 64 మిల్లీసెకండ్లలోపల దానిని తిరిగి నింపవలసియుండును. అంత సున్నితమైన చోట తప్పు దొర్లుట వింతకాదు. గూగుల్ సంస్థ సర్వర్లపై జరిగిన అధ్యయనము ఒకటి 2009లో ప్రచురితమైనది. ఏడాదిలో 8 శాతమునకు మించిన మెమరీ మాడ్యూళ్ళలో తప్పులు కనిపించినవని అది తెలిపినది. సర్వర్లలో ఆ తప్పులను పట్టి దిద్దు ఏర్పాటు ఉండును. మన ఇండ్లలోని సామాన్య కంప్యూటర్లలో ఎక్కువగా అది ఉండదు. ఆట మెమరీని గట్టిగా వాడును గనుక ముందుగా కూలి మనలను హెచ్చరించును. అదే చెడిన మెమరీలో మన ప్రాజెక్టు నివేదిక, లెక్కల పట్టిక మౌనముగా పాడగును. హెచ్చరించినవానిని వెళ్ళగొట్టి, దొంగను ఇంటిలో ఉంచుకొనుట వివేకమా?

ప్రతివాడును మెకానిక్కు కానక్కరలేదని మరికొందరందురు. నిజమే. దుకాణదారులందరు మోసగాండ్రనియు మేము అనము. రద్దీలో వారికి తీరిక ఉండదు. కాని వారి ముందు నిలిచి "ఏ ఆధారముతో చెప్పుచున్నారు?" అని మర్యాదగా అడుగుటకైనను మనకు కొంత తెలివిడి కావలెను. ఆ ప్రశ్న అడుగలేనివాని జేబే ముందు ఖాళీ అగును. డబ్బున్న ఇంటిలో భాగము మార్చి చూచుట ఒక పద్ధతి. మన ఇండ్లలో పరీక్షించి చూచుటయే పద్ధతి.

కనుక కళాశాల కమిటీవారికి మా మనవి. ప్రయోగశాలలో ఒక మూల ఒక బల్ల, పరీక్షకై పనిచేయు ర్యామ్ స్టిక్కులు రెండు, పరీక్షా సాధనములు ఎక్కించిన ఒక పెన్ డ్రైవు, ఉర్దూలోను తెలుగులోను వ్రాసిన ఒక నోటు పుస్తకము చాలును. వారమునకు ఒక సాయంత్రము అనుమతించినచో పై తరగతివారు క్రింది తరగతివారికి నేర్పుదురు. ఏ యంత్రమునకు ఏ రోగము వచ్చినది, ఎట్లు తేలినది అను వివరము ఆ పుస్తకములో ఏటేట పెరుగును. ఖర్చు స్వల్పము, ఒక కుటుంబము అనవసరముగా ఒక కార్డు కొనకుండ ఆగినను అది తీరిపోవును.

తోటి విద్యార్థులకు మేము చెప్పదలచినది ఒక్కటే. మన ప్రాంగణములో రెండు భాషలు వినబడును. ఒకదానిలో ఇల్జామ్ అందుము, మరియొకదానిలో నింద అందుము. ఒకదానిలో తహ్‌కీక్, మరియొకదానిలో విచారణ. రెండు భాషలలోను మొదటిది సులభము, రెండవది కష్టము. యంత్రము విషయమున ఒక రాత్రి మేలుకొని ఆ కష్టమైనదానిని అలవరచుకొన్నవారు, రేపు తోటి మనిషిపై నింద వినబడినప్పుడు కూడ ఒక క్షణమాగి, ఆధారమేదని అడుగుదురని మా నమ్మకము.