12 స్పీడ్ మోజు వద్దు, స్టీల్ క్యాసెట్ ముద్దు

మెగాపిక్సెల్స్ ఎక్కువుంటే ఫోటో బాగా వస్తుందంటే మనలో ఎవరూ నమ్మరు. సైకిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "వెనక ఎన్ని గేర్లు?" అన్నదే మొదటి ప్రశ్న. వెనక చక్రానికుండే పళ్లచక్రాల సెట్‌నే క్యాసెట్ అంటారు. అది ఎక్కువకాలం మన్నాలంటే నా ఓటు 8 లేదా 9 స్పీడ్‌కే, అదీ పూర్తిగా స్టీల్‌తో చేసినదానికే.

మా ముదినేపల్లి నుంచి కైకలూరు మీదుగా ఆటపాక పక్షుల కేంద్రం దాకా తొక్కండి, ఒక్క కొండ తగలదు. ఎక్కాల్సినవల్లా కాలవ వంతెనలు, చెరువు గట్లు. 12 స్పీడ్ ఎమ్‌టీబీల్లో కనిపించే 51 పళ్ల చక్రంతో ఇక్కడ పనేముంది? పైగా ఖరీదైన మోడల్స్‌లో బరువు తగ్గించడానికి ఆ పెద్ద చక్రాన్ని చాలావరకు అల్యూమినియంతో చేస్తారు. అది స్టీల్ కంటే త్వరగా అరుగుతుంది. షిమానో హెచ్‌జీ200 లాంటి 8, 9 స్పీడ్ క్యాసెట్లలో పళ్లచక్రాలన్నీ స్టీలే. బరువు కాస్త ఎక్కువే, కానీ మనం రేసులకి వెళ్లట్లేదుగా!

12 స్పీడ్ వాళ్ల మాటలో ఒక నిజముంది. ఎదురుగాలిలో గేరుకీ గేరుకీ తేడా తక్కువుంటే కాళ్లకి హాయి. దానికి 12 గేర్లు అక్కర్లేదు, 12-25 లాంటి దగ్గర దగ్గర పళ్ల క్యాసెట్ చాలు.

ఎంత మంచి క్యాసెట్‌నైనా తినేసేది సాగిన చెయిన్. గట్ల మీది దుమ్ము, వానాకాలం బురద ఆయిల్‌లో కలిసి గరుకు పేస్టులా మారి చెయిన్ పిన్నుల్ని అరగదీస్తాయి. లింకుల మధ్య దూరం పెరిగి, క్యాసెట్ పళ్లు కొక్కేల్లా వంగిపోతాయి. చెక్ చేయడానికి స్టీల్ స్కేలు చాలు. కొత్త చెయిన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. అది అంగుళంలో 16వ వంతు పెరిగితే చెయిన్ మార్చేయండి. 8వ వంతు పెరిగేదాకా ఆగితే చెయిన్‌తో పాటు క్యాసెట్‌కీ డబ్బులు కట్టాలి.

కొనేముందు ఇంకో చెక్. తక్కువ ధర గేర్ సైకిళ్లలో చాలావాటికి ఉండేది క్యాసెట్ కాదు, హబ్‌కి మరతో బిగించే ఫ్రీవీల్. ఒకదాని చోట ఇంకోటి పట్టదు. పళ్లచక్రాల్ని వెనక్కి తిప్పి చూడండి. టూల్ పెట్టే రింగ్ వాటితోపాటే తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్.

బ్యాటరీ మార్చుకోలేని ఫోన్లని తిట్టే మనం, సైకిల్‌కీ అదే రూల్ పెట్టుకోవాలి. 8 స్పీడ్ చెయిన్, క్యాసెట్ చవక, సర్దుబాటు తేలిక. లాక్‌రింగ్ టూల్, చెయిన్ విప్ ఉంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. మిగిలిన డబ్బుతో ఒక స్పేర్ చెయిన్ కొని పెట్టుకోండి. 12 స్పీడ్ కన్నా అదే మంచి అప్‌గ్రేడ్.