బూటు ఒకటే.. సుంకాలు అనేకం

తడ: తిరుపతి జిల్లా తడ మండలం మాంబట్టులోని అపాచీ కర్మాగారంలో తయారయ్యే అడిడాస్ క్రీడా బూట్లు విదేశాలకు ఎగుమతి అవుతున్నాయి. ఇక్కడ పని చేసేవారిలో అధికులు మహిళలే. వారి చేతుల్లో బూటు అంటే కత్తిరింపు, కుట్టు, అతుకు. అదే బూటు ఓడ దిగి కస్టమ్స్ అధికారి ముందుకు చేరగానే లెక్క మారిపోతుంది. పై భాగం వస్త్రమా, తోలా? అడుగు దేనితో చేశారు? ధర ఎంత? ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి సుంకం ఖరారవుతుంది. 2025లో అమెరికా విధించిన అదనపు సుంకాలపై విస్తృతంగా చర్చ జరిగినా, వాటికి అడుగున ఉన్న ఈ వర్గీకరణ మాత్రం అంతగా చర్చకు రాలేదు.

వర్గీకరణ ఇలా..

ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే ఏకరూప వర్గీకరణ విధానం 1988 నుంచి అమలులో ఉంది. వస్తువుకు ఇచ్చే సంఖ్యలో మొదటి ఆరు అంకెలు దీనిని అనుసరించే దేశాలన్నింటా ఒకటే. ఆపై భారత్ ఎనిమిది, అమెరికా పది అంకెల వరకు విభజించుకున్నాయి. పాదరక్షలకు కేటాయించినది 64వ అధ్యాయం. రబ్బరు లేదా ప్లాస్టిక్ అడుగు ఉన్న బూటుకు పై భాగం కూడా అదే పదార్థమైతే సాధారణంగా 6402, తోలైతే 6403, వస్త్రమైతే 6404 శీర్షిక వర్తిస్తుంది. పలు పదార్థాలు కలిసి ఉంటే వెలుపలి ఉపరితలంలో అధిక వైశాల్యం ఆక్రమించినదే ప్రమాణం. అలంకారాలు, బకిల్స్, లేసు రంధ్రాల పట్టీలు లెక్కలోకి రావు. అడుగు విషయంలో నేలను తాకే భాగాన్నే చూస్తారు.

క్రీడా బూటు అన్న మాటకూ ప్రత్యేక నిర్వచనం ఉంది. ఆట కోసం రూపొందించి, మేకులు, కడ్డీల వంటివి ఉన్నవి లేదా అమర్చే వీలున్నవి, అలాగే స్కేటింగ్, కుస్తీ, బాక్సింగ్, సైక్లింగ్ బూట్ల వంటివి మాత్రమే ఈ నిర్వచనం కిందికి వస్తాయి. వస్త్రపు పై భాగం గల వాటిలో మాత్రం టెన్నిస్, బాస్కెట్‌బాల్, జిమ్, శిక్షణ బూట్లను కూడా క్రీడా బూట్ల సరసన చేర్చారు. ఫలితంగా మేకులు లేని శిక్షణ బూటును వస్త్రంతో చేస్తే ఈ వర్గంలో చోటు దక్కుతుంది, తోలుతో చేస్తే దక్కదు.

చౌక బూటుకే అధిక భారం

అమెరికా పట్టికలో తోలు బూట్లలో అధిక భాగంపై మూల సుంకం 8.5 నుంచి 10 శాతం. వస్త్రపు పై భాగం, రబ్బరు అడుగు గల క్రీడా బూట్లకు వచ్చేసరికి లెక్క వేరు. ప్రధాన శ్రేణిలో దిగుమతి విలువ జతకు 12 డాలర్లు దాటితే 20 శాతం చెల్లించాలి. 6.50 నుంచి 12 డాలర్ల మధ్య ఉంటే 20 శాతానికి తోడు జతకు 90 సెంట్లు కట్టాలి. 3 నుంచి 6.50 డాలర్ల మధ్య ఉంటే 37.5 శాతంతో పాటు 90 సెంట్లు భరించాలి. ఈ లెక్కన 20 డాలర్ల బూటుపై పడేది 4 డాలర్లు, అంటే ఐదో వంతు. 5 డాలర్ల బూటుపై పడేది సుమారు 2.78 డాలర్లు, అంటే సగానికి మించి. సరిగ్గా 12 డాలర్ల జతపై సుంకం 3.30 డాలర్లు కాగా, ఒక్క సెంటు ధర పెరిగితే అది 2.40 డాలర్లకు దిగిరావడం గమనార్హం. సామాన్యుడు కొనే బూటుపైనే శాతం అధికంగా ఉండటం ఈ పట్టికలోని వైచిత్రి.

అడుగున నూగు ఎందుకంటే..

పట్టికను బట్టి బూటు రూపమే మారిన సందర్భాలూ ఉన్నాయి. కన్వర్స్ సంస్థ కాన్వాస్ బూట్ల అడుగున పల్చని నూగు పొర కనిపించడం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అది నడకకు ఉపయోగపడేది కాదు. నేలను తాకే భాగంలో వస్త్రం వాటా పెరిగితే బూటు తక్కువ సుంకం గల శ్రేణిలోకి మారుతుంది. ఈ కిటుకును గమనించిన అమెరికా, అడుగుకు ఉండవలసిన మన్నిక, దృఢత్వం లేని వస్త్రాన్ని లెక్కలోకి తీసుకోరాదని తరువాత నిబంధన చేర్చింది.

మన పట్టికలో..

భారత్‌లో ఇంతటి చిక్కు లేదు. 6401 నుంచి 6405 వరకు శీర్షికలన్నింటికీ దాదాపు ఒకే రేటు. 2020 బడ్జెట్‌లో పాదరక్షల దిగుమతి సుంకాన్ని 25 నుంచి 35 శాతానికి పెంచారు. 2025 బడ్జెట్‌లో దానిని 20 శాతానికి తగ్గించినట్లు ప్రకటించినా, 18.5 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు జోడించి, సామాజిక సంక్షేమ సర్‌ఛార్జిని తొలగించారు. అంతకుముందు సర్‌ఛార్జితో కలిపి 38.5 శాతంగా ఉన్న భారం ఆ మార్పు తర్వాతా 38.5 శాతంగానే మిగిలింది. ప్రకటించిన శాతం ఒకటి, చెల్లించేది మరొకటి కావచ్చునని చెప్పడానికి ఇది చాలు.

చర్చల్లో చూడవలసినది..

2025 ఆగస్టు 7న భారత వస్తువులపై 25 శాతం అదనపు సుంకం విధించిన అమెరికా, అదే నెల 27న దానిని 50 శాతానికి చేర్చింది. అప్పుడు వియత్నాంపై అదనపు సుంకం 20 శాతమే. మూల సుంకం 20 శాతం కలిపితే ఒకే తరహా బూటుపై భారత్ నుంచి వెళితే 70, వియత్నాం నుంచి వెళితే 40 శాతం భారం పడింది. ఇలాంటి తేడాలు ఆర్డర్ల దిశను మార్చగలవు. బూటు నమూనా, ధర నిర్ణయించేది విదేశీ బ్రాండ్లు. ఆర్డరు తగ్గితే ముందుగా నష్టపోయేది తడ, సూళ్లూరుపేట ప్రాంతాల కార్మికులు.

అదనపు సుంకాలు రాజకీయ నిర్ణయాలతో వస్తాయి, పోతాయి. వర్గీకరణ ఆధారంగా పడే మూల సుంకం దశాబ్దాలుగా కొనసాగుతోంది. కనుక వాణిజ్య చర్చల్లో మొత్తం మీద ఎంత శాతం తగ్గిందన్నదే కాక, 6404 వంటి శీర్షికల కింద ఏ శ్రేణికి ఎంత ఊరట దక్కిందన్నదీ పరిశీలించవలసి ఉంది. ఆ వివరం ముందే తెలిస్తే ఏ నమూనా ఆర్డర్లకు సిద్ధం కావాలో ఇక్కడి పరిశ్రమలు నిర్ణయించుకోగలుగుతాయి. మాంబట్టులో కుట్టే జతకు అమెరికా రేవులో ఏ సంఖ్య పడుతుందన్నది, ఆ కుట్టు పని ఎంతకాలం ఇక్కడ నిలుస్తుందన్న ప్రశ్నతో ముడిపడి ఉంది.