నాలుగు వందల యాభై రూపాయల వెలుగు

రాత్రి తొమ్మిదింటికి మన హాస్టల్ పార్కింగ్ దగ్గర ఒకసారి నిలబడి చూడండి. ఒకడి బండి లైటు నీలం, ఒకడిది పాల తెలుపు, ఇంకొకడిది కళ్లు మూసుకునేంత మెరుపు. మొన్నటిదాకా అందులో నాదీ ఒకటి. కాబట్టి నేనిక్కడ నీతులు చెప్పడానికి రాలేదు, నా తప్పు ఒప్పుకోవడానికి వచ్చా.

నాది 2014 మోడల్ సెకండ్ హ్యాండ్ బండి. 35 వాట్ల హాలోజన్ బల్బు. రేస్ ఇస్తే వెలుగుతుంది, వదిలేస్తే గుడ్డిదీపం అయిపోతుంది. చాలా పాత బండ్లలో హెడ్‌లైట్‌కి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజిన్‌తో పాటు తిరిగే మాగ్నెటో నుంచి నేరుగా ఏసీగా వస్తుంది. అందుకే ఈ తిప్పలు. మా ఊరికి చివరి ఎనిమిది కిలోమీటర్లలో ఒక్క వీధిదీపం లేదు. ఇక లాభం లేదని ఆన్‌లైన్‌లో 450 రూపాయలు పెట్టి ఎల్‌ఈడీ బల్బు తెప్పించి, నేనే బిగించుకున్నా. ఆ రాత్రి రోడ్డు పట్టపగల్లా కనిపించింది. ఫ్లోర్ మొత్తాన్నీ కిందికి పిలిచి మరీ చూపించా.

పోయిన నవంబర్‌లో ఊరెళ్లా. వరి కోతల టైమ్. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచుకి రాళ్లు పేర్చి ఉన్నాయి. చీకటి పడ్డాక నాన్న టీవీఎస్ నడుపుతుంటే నేను వెనక కూర్చున్నా. ఎదురుగా ఒక తెల్ల లైటు వచ్చింది. "ఎవడ్రా వీడు, కండ్లల్ల కొట్టుకుంట వస్తుండు" అని నాన్న బ్రేక్ వేసేలోపే ముందు చక్రం రాయి ఎక్కింది. ఇద్దరం పడ్డాం. నేను వడ్ల మీద పడ్డా కాబట్టి ఏం కాలేదు. నాన్న మోకాలు రాయికి తగిలి చీరుకుపోయింది. ఆ తెల్ల లైటు మా పక్కనే ఆగింది. దిగింది మా తమ్ముడు. బండి నాది.

నాన్న తిట్టలేదు. ఇంటికెళ్లాక మోకాలికి పసుపు పెట్టుకుంటూ, "ఆ బల్బు ఎంతకు కొన్నవ్ బిడ్డా?" అని మాత్రం అడిగాడు. రెండు నెలలు ఆ లైటు వెనక కూర్చుని తిరిగా గానీ, దాని ముందు నిలబడటం అదే మొదటిసారి.

తర్వాత కూర్చుని చదివితే విషయం చాలా సింపుల్. మన హాలోజన్ బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. దానివల్ల వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికే తగిలి, అక్కడి నుంచి కిందికి, రోడ్డు మీదికి పడుతుంది. ఫిలమెంట్ ఎక్కడుండాలో మిల్లీమీటర్ల లెక్కన చూసుకుని ఆ రిఫ్లెక్టర్ వంపు గీస్తారు. అందులో చిప్పులు వేరే చోట, వేరే సైజులో ఉన్న ఎల్‌ఈడీ పెడితే లెక్క మొత్తం తప్పుతుంది. వెలుగు రోడ్డు మీద పడాల్సింది పోయి చెట్ల మీదా, ఎదుటివాడి మొహం మీదా పడుతుంది. 50 కిలోమీటర్ల స్పీడులో రెండు సెకన్లు కళ్లు చెదిరితే, మనిషి దాదాపు 28 మీటర్లు గుడ్డిగా వెళ్తాడు. వయసు పైబడిన కళ్లు తేరుకోవడానికి ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది.

"మామా, మరి కంపెనీ లైటు ఆనట్లేదు కదా, మేం గుంతల్లో పడాలా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. చీకటి రోడ్డు అబద్ధం కాదు, జేబులో డబ్బుల్లేకపోవడం కూడా అబద్ధం కాదు. కానీ నా లైటు ఆనకపోవడానికి కారణం వాట్లు తక్కువై కాదని తర్వాత తెలిసింది. పదేళ్ల ఎండకి ప్లాస్టిక్ అద్దం పచ్చబడింది. హోల్డర్ పిన్నులకి చిలుము పట్టింది. హాలోజన్ బల్బుకి వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. చిలుము పట్టిన ఒక్క కనెక్షన్ చాలు, అంత తగ్గడానికి.

అందుకే ఎల్‌ఈడీ పీకేసి మళ్లీ మొదలుపెట్టా. కంపెనీ రేటింగ్ ఉన్న కొత్త హాలోజన్ బల్బు 110. వాటర్ పేపర్లు మూడు రకాలు 60. 800తో మొదలుపెట్టి 1000, 2000 వరకు తడుపుతూ రుద్దాలి. రబ్బింగ్ కాంపౌండ్ 130. పెయింటింగ్ షెడ్ అన్న మిగిలిన క్లియర్ కోట్ ఒక రౌండ్ కొట్టి 50 తీసుకున్నాడు. అది వేయకపోతే అద్దం కొన్ని నెలల్లోనే మళ్లీ పచ్చబడుతుంది. పిన్నులు గీకి శుభ్రం చేయడం ఫ్రీ. మొత్తం 350. బల్బు గాజుని మాత్రం వేళ్లతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి త్వరగా పోతుంది. రిఫ్లెక్టర్ లోపలి వెండిపూత పోయి ఉంటే ఇవేవీ పనిచేయవు, ఆ సెట్టు మార్చుకోవాల్సిందే.

అసలు పని ఇంకోటుంది, దానికి పైసా ఖర్చు లేదు. గోడకి 5 మీటర్ల దూరంలో బండి నిలబెట్టి, సీటు మీద ఒకడిని కూర్చోబెట్టండి. హెడ్‌లైట్ మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద సుద్దముక్కతో గీత గీయండి. లో బీమ్ పై అంచు ఆ గీతకి సుమారు 5 సెంటీమీటర్లు కిందికి ఉండేలా స్క్రూ తిప్పండి. నాది గీతకి పైన జానెడు ఎత్తులో ఉంది. అంటే పాత బల్బుతో తిరిగినన్నాళ్లూ ఉన్న కాస్త వెలుగునీ ఆకాశానికే ధారపోశా.

2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పులు చేస్తే, ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా చట్టంలో ఉంది. కానీ చలాన్ భయంతో మారమని నేననను. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన టూవీలర్లకి హెడ్‌లైట్ ఆపే వీలే లేదు, ఇంజిన్ ఆన్ అయితే లైటూ ఆన్. మనం రోడ్డెక్కిన ప్రతి నిమిషం ఆ వెలుగు ఎవరో ఒకరి కళ్లలో పడుతూనే ఉంటుంది. మనం ఇంజనీరింగ్ చదువుతున్నాం. ఒక వస్తువుని డిజైన్ చేసేటప్పుడు దాన్ని వాడేవాడి గురించే కాదు, దానికి ఎదురొచ్చేవాడి గురించి కూడా ఆలోచించాలని ఏ సెమిస్టర్‌లోనూ నాకెవరూ చెప్పలేదు. నాన్న మోకాలు చెప్పింది.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. మీ బండి తాళం ఫ్రెండ్‌కిచ్చి, గేటు దగ్గరి నుంచి మీకెదురుగా రమ్మనండి. నచ్చితే ఆ బల్బే ఉంచుకోండి.

నా 450 రూపాయల బల్బు ఇంకా డ్రాయర్‌లోనే ఉంది. ఇద్దరు జూనియర్లు సగం రేటుకి అడిగారు. ఇవ్వలేదు.