తీరిక వేళల్లో రాసినవి కావు

ప్రేమ నవలలు రాసే స్త్రీని మెచ్చుకోవాలంటే మన పత్రికలకూ సభలకూ ఒకటే మాట దొరుకుతుంది. ఇంటిపని ఏదీ కుంటుపడకుండా, తీరిక దొరికినప్పుడల్లా రాసిందని. ఆ మెప్పు వెనకే ఒక సలహా కూడా ఉంటుంది. వేళలు సరిగ్గా సర్దుకుంటే ఇల్లూ రాతా రెండూ నడుస్తాయట. ఆ మెప్పూ తప్పే, ఈ సలహా కూడా తప్పే. రెండూ నవల రాయడాన్ని పనిగా లెక్కించవు. పని కానిదాని కోసం ఇంట్లో ఇంకెవరూ తమ వేళలు మార్చుకోనక్కరలేదు కదా.

అసలు ఆ తీరిక ఎంతో చూద్దాం. 2019లో మన దేశంలో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. పురుషులు 97 నిమిషాలు. ఈ 97 కూడా ఇంటిపనిలో చెయ్యి వేసిన మగవాళ్ల సగటు మాత్రమే. అలాంటివాళ్లు నూటికి 26 మంది, స్త్రీలలో 81 మంది. పిల్లలనూ పెద్దలనూ చూసుకోవడం వేరే లెక్క. పైగా ఆ ఐదు గంటలు ఒక్కచోట ఉండవు. పాలు కాచడం, క్యారేజీలు కట్టడం, అంట్లు, బట్టలు అంటూ రోజంతా చెదిరి ఉంటాయి. వారం వారం వచ్చే సీరియల్ నవల రాయడానికేమో తెగని ధ్యాస కావాలి. నాయికకు ఏ ఉత్తరం అందలేదు, ఎవరి దగ్గర ఏ నిజం దాచింది, అపార్థాన్ని ఇంకెన్ని వారాలు లాగితే పాఠకురాలు విసుక్కోకుండా ఉంటుంది అన్నవన్నీ ఒకేసారి మనసులో నిలవాలి. కుక్కర్ కూతల మధ్య మిగిలిన పది నిమిషాల ముక్కల్లో అది కుదరదు. కుదిరిందంటే నిద్ర తగ్గించుకుని రాసిందనే అర్థం.

1960, 70 దశకాల్లో అంతమంది ఎలా రాశారని అడగవచ్చు. రాశారు, నిజమే. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా తెర మీదికి వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి ‘జీవన తరంగాలు’, ‘మీనా’ రెండూ 1973లోనే సినిమాలయ్యాయి. వారపత్రికలు ఆ సీరియల్స్ చూపించి అమ్ముడుపోయాయి, అద్దె పుస్తకాల షాపులు ఆ నవలల మీద బతికాయి. ఇందరికి రాబడి తెచ్చిన శ్రమ, రాసినావిడ ఇంట్లో మాత్రం కాలక్షేపం ఎలా అవుతుంది? మనకు కనబడుతున్నది నిలిచినవాళ్లు మాత్రమే. మొదటి కథతోనో, రెండో కాన్పుతోనో ఆగిపోయినవాళ్ల పేర్లు ఏ సాహిత్య చరిత్రలోనూ ఉండవు. నిలిచినవాళ్లను చూపి సాధ్యమేననడం, ఆగినవాళ్లది చేతకానితనమని తేల్చేయడమే.

ఆనాటి రచయిత్రికి ఒక వెసులుబాటు ఉండేది. రాతప్రతి పంపాక ప్రచారం పత్రిక చూసుకునేది. బొమ్మ వేయించడం, వచ్చే వారం నుంచి అంటూ ప్రకటించడం, ఉత్తరాలు ఏరి అచ్చువేయడం సంపాదకుడి పని. ఇప్పుడు ప్రతిలిపి వంటి యాప్‌లలో భాగాలుగా రాసే రచయిత్రి నెత్తినే అదంతా పడింది. ముఖచిత్రం ఆవిడే తయారుచేసుకోవాలి, వాట్సాప్ గ్రూపుల్లో లింకులు పెట్టాలి, రీల్ చేయాలి, కామెంట్లకు జవాబివ్వాలి. నాలుగు రోజులు భాగం రాకపోతే పాఠకులు వేరే కథకు వెళ్లిపోతారు. ఇంట్లోవాళ్ల కళ్లకు ఇదంతా ఫోన్ పట్టుకుని కూర్చోవడమే. రాయడానికైనా కాస్త గౌరవం దొరుకుతుందేమో గానీ, ప్రచారానికి అదీ లేదు.

ఉద్యోగం చేసే మగవాళ్లూ రాత్రుళ్లు రాస్తారు కదా అని ఇంకో వాదన. రాస్తారు. కానీ ఆఫీసు ఒక వేళకు మూసేస్తారు, ఆ తర్వాత వేడి అన్నం ఎవరో వడ్డిస్తారు. ఆ వడ్డించే మనిషే నవల రాస్తున్నప్పుడు ఎవరు వడ్డించాలన్నదే ఇక్కడి ప్రశ్న. ప్రేమ నవలల కోసం ఇంత అవసరమా అనేవాళ్లూ ఉన్నారు. ఏ నవల గొప్పదో విమర్శకులు తేల్చుకోవచ్చు, అంట్లు ఎవరు తోమాలన్నది మాత్రం ఆ తీర్పును బట్టి ఉండకూడదు. రాసే రోజుల్లో వంట, పిల్లల చదువు ఇంట్లో మిగతావాళ్లు పంచుకోవాలి, అదీ సాయంగా కాదు, తమ వంతుగా. చందాల మీద ఆదాయం తీసే ఆ యాప్‌ల సంస్థలు ఒకనాటి వారపత్రికలు చేసిన ప్రచారాన్ని తిరిగి తమ ఖర్చుతో తామే చేయాలి. ఆ రెండూ చేయకుండా రచయిత్రికి టైమ్‌టేబుల్ వేసివ్వడానికి ఎవరికీ హక్కు లేదు.